సలోమి ఇంటి ముందు డ్రమ్ము ఆపొద్దు

నిన్న పొద్దున మా మరిది, చెల్లెలి మొగుడు ఏసురత్నం ఫోన్ చేసినాడు.

“వదినా, సలోమి పోయింది.”

“ఎక్కడికి?” అన్నాను.

క్యాన్సర్ అని తెలుసు. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పిందీ తెలుసు. అయినా నా నోట్లోంచి అదే మాట వచ్చింది.

ఎందుకంటే మొన్న సాయంత్రమే నా చెల్లెలు ఫోన్లో నాతో పోట్లాడింది. పండగ అయిపోయింది గదా, వరండాలో క్రిస్మస్ స్టార్ దించేద్దామా అన్నాను.

“నీకేం తొందరక్కా. ఉండనీ దాన్ని” అనింది.

దేవుని చిత్తం మీద నాకు ప్రశ్న లేదు. ఆయన మీద కోపం లేదు. ఉన్న కాస్తా మన మీదే.

నిన్నటి నుంచి ఫోన్ నిండా చేతులు జోడించిన బొమ్మలు వస్తానే ఉండాయి. థాంక్స్. కానీ ఈ డిసెంబర్ గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు ప్రార్థన కుదిరేటట్టు లేదు.

బిట్రగుంట వాళ్ళకి తెలుసు. మా చర్చి వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాడే క్రిస్మస్ క్యారల్స్‌లో పాతికేళ్ళు డ్రమ్ము సలోమిదే. ఆడపిల్లకి డ్రమ్మేంది అన్నవాళ్ళే, తరవాత అది రాకుండా బయల్దేరేవాళ్ళు కాదు.

ఈసారి కీమోతో మనిషి లేవలేదు. సరే, నేను పోలేకపోతే ఏం, వాళ్ళే ఇంటికొస్తారు గదా అనుకునింది.

వాళ్ళ వీధికి క్యారల్స్ వచ్చే రోజు నేనూ కావలి నుంచి వచ్చి ఉన్నాను. సలోమి సాయంత్రం నుంచే తయారు. కొత్త చీర, తలకి స్కార్ఫు, వరండాలో కుర్చీ. ఫ్లాస్కు నిండా టీ. ఒళ్ళో మురుకుల డబ్బా.

వీధి మొదట్లో డ్రమ్ము వినపడింది. దగ్గరికొచ్చింది.

ఆగిపోయింది.

మేమంతా గేటు వైపు చూస్తా ఉండాం. చెప్పుల చప్పుడు కూడా రాకుండా, పిల్లలు తలలు వంచుకుని ఇంటి ముందు నుంచి నడిచి పోయినారు. రెండిళ్ళు దాటినాక డ్రమ్ము మళ్ళీ మొదలైంది.

పేషెంట్ ఉన్న ఇల్లు, డిస్టర్బ్ చెయ్యొద్దు అని చర్చి పెద్దలు చెప్పినారంట.

జాలి అంట అది. మన ఊళ్ళో శవం లేచిన ఇంటి ముందు కూడా ఎవరూ అంత నిశ్శబ్దంగా పోరు.

సలోమి మురుకుల డబ్బాకి మూత పెట్టింది.

మరునాడు ఆదివారం. ఆరాధన అయ్యీ కాకముందే క్యారల్స్ లీడర్ జాన్సన్‌కి ఫోన్ చేసింది.

“రే జాన్సన్, నీకు డ్రమ్ము పట్టుకోను నేర్పింది ఎవుర్రా? మా ఇంటి కాడికి రాంగానే చేతులు పడిపోయినాయా?”

మిట్టమధ్యాహ్నం, ఎండలో, శాంటా టోపీలు పెట్టుకుని వచ్చినారు. సన్నగా, ఏడుపు గొంతుతో మొదలుపెట్టినారు. సలోమి చెయ్యెత్తి ఆపింది.

“ఏందిరా ఆ పాట? క్రిస్మస్సా, నా భూస్థాపనా? కొట్టండి సరిగ్గా.”

కొట్టినారు. వీధి కుక్కలు పారిపోయినాయి. సలోమి కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో తాళం వేస్తా కూర్చునింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఇంక, చూడ్డానికి వచ్చినవాళ్ళు.

ప్రతివాళ్ళూ ఏసురత్నాన్ని నిలబెట్టి మొదటి నుంచి చెప్పించుకున్నారు. ఏ స్టేజి, ఏ డాక్టరు, ఏమన్నాడు. బొప్పాయి ఆకు రసం తాపమన్నారు. మోకాళ్ళేసి ప్రార్థన చేస్తా పెద్దగా ఏడ్చినారు. వాళ్ళకి మంచినీళ్ళు ఇమ్మని మంచం మీద నుంచి పేషెంటే సైగ చేసేది.

ప్రార్థన వద్దని నేను అనను. నా బతుకు నిలబడిందే దాని మీద.

కానీ ఆమెన్ అన్నాక ఒక గంట కూర్చోండి.

ఏసురత్నం పండక్కి క్షవరం చేయించుకోలేదు. సెలూన్ ఎక్కడో లేదు, వీధి చివరే. “నేను కూర్చుంటాలే, నువ్వు పోయి రా” అన్న మనిషి లేడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం నేను వచ్చి పంపించేసరికి షాపు మూసేసినారు. ఇద్దరూ కలిసి దిగిన ఆఖరి ఫోటోలో మా మరిది చెవుల మీదికి జుట్టు పడి ఉంటుంది. చూడండి.

సలోమిని మామూలు మనిషిగా చూసింది ఒక్కతే. పక్కింటి రమణమ్మ.

క్రిస్మస్ పొద్దున్నే గేటు కాడ నిలబడింది. స్టార్‌కి లాగిన వైరు తన బట్టలారేసే తీగకి తగులుతా ఉందని గొడవ.

“జబ్బొస్తే మాత్రం, కరెంటు పెట్టి చంపుతావా ఏమ్మే?”

మా వాళ్ళు అడ్డం పోబోతే సలోమి ఆపింది. పడుకునే జవాబిచ్చింది.

“నేను పోయినాక తీగంతా నీదే గదమ్మే. ఈ నాలుగు రోజులు ఓర్చుకో.”

“నువ్వు పోయేదీ లేదు, ఈ వైరు కదిలేదీ లేదు” అని గొణుక్కుంటా పోయింది రమణమ్మ.

ఆ పూట మా చెల్లెలు చేపల పులుసుతో రెండు ముద్దలు ఎక్కువ తినింది.

నిన్న అందరికంటే ఎక్కువ ఏడ్చింది రమణమ్మే. ఎవరో టెంటు వేసేదానికి ఆ వైరు పీకబోతే చెయ్యి పట్టుకుని తోసేసింది.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి భూస్థాపన.

జాన్సన్, డ్రమ్ము తీసుకురా. గేటు కాడ మొదలుపెట్టి సమాధుల దొడ్డి దాకా కొట్టండి. పెద్దలు ఎవరన్నా వద్దంటే నా పేరు చెప్పు.

మన చర్చిలో ఇంకో ఇంట్లో కూడా కీమో జరుగుతా ఉంది. ఎవరింట్లోనో అందరికీ తెలుసు. ఈస్టర్‌కి పాటలతో వీధులు తిరిగేది ఎంతో దూరం లేదు.

సలోమి ఇల్లు తెలియనివాళ్ళకి: రైల్వే కాలనీ, రెండో వీధి. పట్టపగలు స్టార్ వెలుగుతా ఉండే ఇల్లు.

ఇంక పడుకో, సలోమీ. ప్రభువు ఒడిలో నీకు నెమ్మది కలగాలి. డ్రమ్ము సంగతి మేం చూసుకుంటాం.

— పెద్దక్క