కోడేరు బీర కోసం ఒక కాపు

మా ఎదురింటి డ్రైవర్ సాబ్ పోయి ఈ రోజుకు పదమూడు రోజులు. వనపర్తిలో మా వీధివాళ్లందరికీ ఆయన పేరు తెలుసు కానీ ఎవరూ పేరుతో పిలిచింది లేదు. ఆ మరణవార్త మా పత్రికలో మూడు వరుసల్లో వచ్చింది. రాసింది నేనే. బస్సు నడిపి రిటైరయ్యారని, గుండె జబ్బుతో మరణించారని, భార్య, కూతురు ఉన్నారని రాశాను. అందులో తప్పేమీ లేదు. అయితే ఆయన గురించి నాకు బాగా తెలిసిన సంగతి ఆ మూడు వరుసల్లో పట్టలేదు. అది ఒక బీరకాయ సంగతి.

ఆయన ఇంటి ముందు రెండు గదులంత ఖాళీ జాగా ఉంది. అందులోనే బీర పందిరి, రెండు వరుసల వంకాయ, గోడవారన చిక్కుడు, ఒక జామ, ఒక బొప్పాయి. గేటు నుంచి గడప దాకా నడవడానికి ఒక మనిషి పట్టేంత దారి మాత్రం వదిలారు. విత్తనాలు దుకాణంలో కొన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆయన నడిపిన దారుల్లో, అంటే గద్వాల, అమరచింత, కోడేరు వైపు, ప్రయాణికులే ఇచ్చేవారు. ఆ దారుల్లో ఒక మాట ఉండేదట: టికెట్ పైసలు కండక్టర్‌కు, గింజలు డ్రైవర్‌కు. రాయచూరు నుంచి ఎక్కిన ఒకామె వంకాయ గింజలు ఇస్తూ కన్నడంలో ‘బదనెకాయి’ అన్నదట. ఆ మొక్కలను ఆయన చివరిదాకా బదనెకాయి అనే పిలిచారు. పక్క వరుసలోవి మాత్రం వంకాయలే.

బీర విత్తనం కోడేరు నుంచి వచ్చింది. అక్కడి ఒక ముసలమ్మ, బస్సులో నిండు చూలాలైన కూతురికి ముందు సీటు ఇప్పించినందుకు, తర్వాతి వారం పిడికెడు గింజలు తెచ్చి ఇచ్చింది. కాయ జానెడు దాటదు. చేదు రాదు. ఆయన దాన్ని ఏటా వేసి, ఏటా ఒక కాయ విత్తనానికి ఉంచి, కొన్ని గింజలు దాచేవారు. “ఉన్నదంత ఒక్కసారి మట్టిల పెట్టరాదు తమ్మీ. మట్టి మంచిదే గని, మొగులు మన చేతిల లేదు” అనేవారు, మబ్బు వైపు చూస్తూ.

ఈ వానాకాలం ఆ నియమం ఆయనే తప్పారు. మొదట పెట్టిన గింజలు మొలిచి, వాన లేక మాడిపోయాయి. దాచిన గింజలు కూడా తీసి మళ్లీ పెట్టారు. ఈసారి వాన ఆగలేదు. మొలకలు కుళ్లిపోయి ఒక్క తీగ మిగిలింది. జామకాయలకు పురుగు పట్టింది. చిక్కుడుకు పేనుబంక పట్టి ఆకులు ముడుచుకున్నాయి. సరిగ్గా ఆ వారమే నేను జిల్లాలో సాధారణ వర్షపాతం నమోదైందని వార్త రాశాను. ఆయన పేపరు మడిచి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు.

“గిది నువ్వు రాసిందేనా?”

“అవునన్నా. లెక్క తప్పు లేదు.”

“లెక్క మంచిగనే ఉంది. జర వచ్చి నా పందిరి చూసి రాయి. నెలంత పడాల్సింది నాలుగు దినాలల్ల పడ్డది. ఎంత పడ్డదో రాస్తవు, ఎప్పుడు పడ్డదో రాయవేంది?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో ఎడిటర్లు నా వార్తలు దిద్దారు. ఇంత సూటిగా ఎవరూ దిద్దలేదు. ఆ రోజు నుంచి వాన వార్తలో కురిసిన రోజులు కూడా రాస్తున్నాను.

రెండో విత్తు వేసిన మూడు వారాలకు కోడేరు నుంచి ఫోను వచ్చింది. ముసలమ్మ ఎప్పుడో పోయింది. చేసింది ఆమె కోడలు. వాళ్ల ఇంట్లో ఆ బీర విత్తనం లేకుండా పోయిందట. “మా అత్త ఇచ్చినయి మీ తాన ఉన్నయి గద మామా, జర ఇస్తరా” అని అడిగింది. “ఈ కాపు రానియ్యి బిడ్డా, ఇస్త” అన్నారాయన. ఫోను పెట్టేశాక తీగ వైపు చూస్తూ కూర్చున్నారని ఆయన భార్య నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ఇస్తానన్నది ఆ ఒక్క తీగను నమ్ముకుని.

ఆ తీగకు ఒకే ఒక్క కాయ పట్టింది. అప్పుడే ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ అన్నారు. బయలుదేరుతూ ఇంటి తాళం, తోట పని నాకు అప్పగించారు. “పొద్దున్నే నీళ్లు పొయ్యి. కాయలు కోసుకోండ్రి, ముదరనియ్యకుండ్రి” అని చెప్పి కారెక్కారు. ఆ కంగారులో బీరకాయ సంగతి ప్రత్యేకంగా చెప్పలేదు.

చెప్పకపోయినా, కాయ తొడిమకు నల్ల గుడ్డపేలిక కట్టి ఉంది. మా వైపు బాగా కాసిన చెట్టుకు దిష్టి తగలకుండా నల్లగుడ్డ కట్టడం మామూలే. నేనూ అదే అనుకున్నాను. కాయ ముదురుతోందనిపించి కోశాను. నా భార్య శనగపప్పు వేసి వండింది. పేలిక పారేస్తే బాగుండదని తీసుకెళ్లి బొప్పాయి చెట్టుకు భద్రంగా కట్టాను.

పన్నెండు రోజులకు ఆయన తిరిగొచ్చారు. భార్య పట్టుకుని నడిపిస్తుంటే గేటు దగ్గరే ఆగి, బొప్పాయి వైపు చూశారు.

“ఏంది తమ్మీ, బొప్పాయిని ఇత్తనానికి ఉంచినవా?”

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ పేలిక దిష్టికి కాదు, ఈ కాయ విత్తనానిది, ముట్టవద్దని గుర్తు. జరిగింది చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చున్నారు.

“కూర ఎట్లుండె?”

“బాగుండె అన్నా.”

“బాగుండాలె మరి. నాలుగు నెలల కూర అది.”

ఆయన భార్యను నేను వదినా అంటాను. ఆమె లోపలి నుంచి, “పేపరోళ్లకు చెప్పకుంట పోతే గట్లనే అయితది. అన్నీ అడుగుతరు గని, అడగాల్సింది అడగరు” అంది. ఆయన నవ్వబోయి, కుట్లు గుంజాయేమో, ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు.

“తీగకు ఇంక పానం ఉంది. రేపు సాయంత్రం ఐదింటికి రా. నా చేతులు పైకి లేస్తలేవు, నీ చేతులతోనే పని.”

బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయని నాకు ఆ మర్నాడే తెలిసింది. ముసురుకు తేనెటీగలు రావడం లేదు. ఆడపూలు పూస్తున్నా పిందె నిలవడం లేదు. ఆయన పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను స్టూలెక్కాను.

“కింద చిటికెన వేలంత పిందె ఉన్నదే, గది ఆడపువ్వు. దాన్ని ముట్టకు. పక్కది మగది, దాన్ని తెంపు. రేకులు తీసెయ్యి. నడుమ పసుపు ఉంది గద, తీస్కపోయి ఆడపువ్వు నడుమ తాకియ్యి. మెల్లగ తమ్మీ. గేరు మార్చుతున్నవా ఏంది?”

మొదటి మూడు పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. రాలిన ప్రతిసారీ నేను దిగాలు పడ్డాను కానీ ఆయన పడలేదు. “మూడు పోయినయంటే పని రాదని గాదు, పని నేర్చుకుంటున్నవని” అన్నారు. నాలుగోది నిలిచింది. వారానికి అది వేలంత అయింది, రెండు వారాలకు జానెడైంది. కానీ కాయ పెరగడం వేరు, గింజ గట్టిపడి కాయ తీగ మీదే ఎండడం వేరు. మధ్యలో తెంపితే గింజ పనికిరాదు. చలి మొదలైంది, కాయ నెమ్మదిగా రంగు మారుతోంది. రోజూ పొద్దున్న ఆయన దాన్ని చూసేవారు, ముట్టేవారు కాదు. కోడేరు నుంచి మళ్లీ ఫోను వస్తే “వస్తది బిడ్డా, తొందర లేదు” అన్నారు. ఆయన ఆ మాట అన్న తీరు చూసి నేనూ నమ్మాను.

కాయ సగం పసుపు, సగం గోధుమరంగులో ఉండగా, ఒక తెల్లవారుజామున నిద్రలోనే ఆయన పోయారు.

పొద్దునకల్లా టెంటువాళ్లు వచ్చారు. జాగా చూసి, పందిరి తీసేస్తే కుర్చీలు పడతాయన్నారు. ఒకతను అప్పటికే కట్టె పట్టుకుని ఊపుతున్నాడు. వద్దని అడ్డుపడ్డాను.

“ఎండిపోయిన తీగనే గద సారు. పెద్దమనిషి పోయిండు, మీరు తీగ గురించి మాట్లాడుతుండ్రేంది?”

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూశారు. లోపల శవం పక్కన కూర్చున్న వదిన తల ఎత్తకుండానే అంది.

“టెంటు రోడ్డు మీద ఎయ్యుండ్రి. ముప్పై ఏండ్లు రోడ్డు మీద ఉన్న మనిషి, ఆయనకేం కాదు. పందిరి ముట్టకుండ్రి.”

టెంటు రోడ్డు మీదే వేశారు. ఆ రోజు వీధిలోకి వచ్చే ఆటోలు చుట్టూ తిరిగి వెళ్లాయి.

పెద్దకర్మ నాడు కోడేరు కోడలు వచ్చింది. ఆమెను చూడటం మాకందరికీ అదే మొదటిసారి. భోజనాలయ్యాక పందిరి కింద నిలబడి, కాయను తెంపకుండా చెవి దగ్గరకు వంచుకుని మెల్లగా ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. “అయింది అత్తమ్మా” అంది వదినతో.

వదిన కత్తెర తెచ్చి తనే కోసింది. కాయ కొస విరిచి చేటలోకి దులిపితే నల్లటి గింజలు రాలాయి. రెండుసార్లు చెరిగితే తాలు గింజలు ఎగిరిపోయాయి. మిగిలినవి గట్టి గింజలు.

“అన్నీ తీస్కపో బిడ్డా. మీ అత్త సొమ్ము.”

“ఇచ్చిన ఇత్తనం మొత్తం తిరిగి తీస్కోరు అత్తమ్మా. సగమే.”

ఆమె చేటలో గింజల మధ్య వేలితో గీత గీసింది. అటు కొన్ని, ఇటు కొన్ని. వదిన తన వైపు నుంచి నాలుగు గింజలు గీత దాటించి ఆమె వైపు నెట్టింది. ఆమె వాటిలో రెండు వెనక్కి నెట్టింది. వదిన ఒకటి మళ్లీ నెట్టింది. చేట మీద నుంచి చూపు తిప్పకుండా, ఇద్దరూ అలా చాలాసేపు నెట్టుకుంటూనే ఉన్నారు.