పళ్లు ఆయనవి, దొప్ప నాది

ఇవాళ పొద్దున చేపల బజారులో ఒక పొలుసు ఎగిరివచ్చి నా చెంపకు అతుక్కుంది. తుడుచుకోలేదు. రూపాయి బిళ్లంత ఉన్న ఆ తడి బొచ్చెచేప పొలుసుతోనే ఇంటికి వచ్చాను. రూతమ్మగారు చూస్తే పడీపడీ నవ్వేవారు.

డెబ్బైల్లో నేను భవానీపురంలో చేపలు అమ్మేదాన్ని. ముప్పై దాటినా అక్షరం ముక్క రాదు. మా వీధిలోనే ఉండే రూతమ్మగారు గవర్నర్‌పేటలో టైపిస్టు. కొత్త యంత్రాలకు పేటెంటు కాగితాలు రాసిపెట్టే ఇంజనీరుగారి ఆఫీసు అది. పొలుసు ఎగిరి కొనేవాళ్ల చీరల మీద పడుతోందని నాకు రోజూ తిట్లే. అందుకని ఒక చెక్కపిడికి కూల్‌డ్రింకు మూతలు, పళ్లు పైకి ఉండేలా కొట్టి, వెనక పాలడబ్బా రేకును దొప్పలా వంచి బిగించాను. గీసిన పొలుసు గీసినట్టే దొప్పలో పడేది.

అది చూసి ఆవిడ కొనవచ్చిన చేప సంగతే మరిచిపోయారు.

"నాంచారూ, దీనికి పేటెంటు తీసుకోవచ్చే!"

"నాకేం రోగమండీ, పేటెంటు మందులు మింగడానికి?" అన్నాను. నాకు తెలిసిన పేటెంటు మందుల షాపులోదే మరి.

ఆవిడ నవ్వు ఆపుకుని చెప్పారు: "నన్నడక్కుండా ఎవరూ ఇది చెయ్యకూడదని సర్కారిచ్చే కాగితమే అది. ముందు ఇంకెవరూ కనిపెట్టలేదని చూసుకోవాలి."

శనివారం మధ్యాహ్నాలు ఆ ఆఫీసులో పాత పేటెంటు కట్టలు ముందేసుకుని కూర్చునేవాళ్లం. ఆవిడ పేర్లు చదివేవారు, నేను బొమ్మలు చూసేదాన్ని. నాలుగో శనివారం ఒక బొమ్మ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అదే పిడి, అవే పళ్లు.

"ఎవరో దొరగారు ముందే చేసేశారండీ. ఇక నాదేం లేదు," అన్నాను. కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

"ఏడుపు తర్వాత. చివరి పేజీ తియ్యి. అన్నీ చెప్పి, ఇందులో నాది ఇదీ అని అక్కడే ఒక్క వాక్యంలో రాస్తారు." వేలు పెట్టి మెల్లగా చదివారు. "పళ్లు ఆయనవి. దొప్ప ఊసే లేదు. ఇప్పుడు నీ వాక్యం చెప్పు. ఫుల్‌స్టాపు ఒక్కటే!"

నేను తిట్లతో మొదలుపెట్టి, చీరలు, మూతలు, పిడి అన్నీ చెప్పాను.

"పళ్లు ఆయనవన్నానా? కొట్టెయ్. తిట్లు ఊరందరివీ. అవీ కొట్టెయ్."

కొట్టేయగా కొట్టేయగా మిగిలింది: గీసిన పొలుసు ఎగరకుండా వెనకనే పట్టే దొప్ప. ఆవిడ దాన్ని ఇంగ్లీషులో టైపు చేసి, నాకు తెలుగులో పలక మీద రాసిచ్చారు. అందరూ 'అ'తో మొదలుపెడతారు. నేను 'గీ'తో మొదలుపెట్టాను. ఆ వాక్యం దిద్దీదిద్దీ అక్షరాలన్నీ పట్టుకున్నాను.

మద్రాసు ఆఫీసుకు పంపిన చాలాకాలానికి పేటెంటు వచ్చింది. వీధంతా సీలు చూసి మురిసింది. నేను చివరి పేజీ తిప్పి, "చదవండమ్మగారూ" అన్నాను.

"నీకు నోటికి వచ్చుగా!"

"మీ నోట వినాలండీ."

ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా చివరి పేజీయే ముందు తీస్తాను. మనవరాలు గొప్పగా ఏదైనా చేసి చూపిస్తే మెచ్చుకుని, "ఇందులో నీ దొప్ప ఏదే?" అంటాను. వెతుక్కుంటూ పరిగెడుతుంది. దొరక్కుండా ఎప్పుడూ తిరిగి రాలేదు.