ఎవరూ అడగని స్లైడ్

దెయ్యాలు, శకునాలు అంటూ కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. సింగపూర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఏం జరిగినా వెనక కారణం ఉంటుందని నమ్మే మనిషిని. ఈ ఒక్కదానికే దొరకలేదు.

మా దగ్గర రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్ ఉంది. లెక్క హద్దు దాటితే, ఏ డాక్టరూ అడగకపోయినా అదే ఒక స్లైడ్ తయారుచేస్తుంది. పాథాలజిస్టు దాన్ని మైక్రోస్కోపులో చూసి అభిప్రాయం రాస్తారు. హద్దు దాటకపోతే స్లైడ్ ఉండదు.

మా పాథాలజిస్టుది వరంగల్, నాది ఒంగోలు. పరాయి దేశంలో తెలుగు మనిషి దొరికిందని మొదట్లో మురిసిపోయాను. ఆవిడకు మాత్రం నేనంటే పడేది కాదు. అందరి ముందూ కడిగేసేది, అదీ తెలుగులో.

ఉద్యోగుల ఏడాది పరీక్షల్లో నా రక్తం కూడా ఆ మెషీన్‌లోకి వెళ్లింది. అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా స్లైడ్ వచ్చింది. ఆవిడ చూసి, రక్త క్యాన్సర్‌లా ఉందని రాసింది. ఆ రాత్రి టోవా పాయో పేటలోని మా ఫ్లాట్‌కు వెళ్లి, మా ఆయనకు ఆ సంగతి చెప్పకుండానే వంట చేసి పెట్టాను.

మళ్లీ రక్తం తీశారు. శుభ్రంగా ఉంది. ఆ సంతోషం కూడా ఆవిడ నాకు మిగల్చలేదు. ఎవరి రక్తమో నాదానితో కలిపేశానని పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, ఇక్కడి బతుకే పోతుంది. ఆ స్లైడ్ వచ్చిన రోజు శాంపిళ్లన్నీ తిరిగి చూశారు. అలాంటి రక్తం ఒక్కరిదీ లేదు. ఇంజినీరు వచ్చి, స్లైడ్ తీయమని మెషీన్‌కు ఆదేశమే పడలేదన్నాడు. చివరికి నన్ను హెచ్చరించి వదిలేశారు. ఆ తర్వాత ఆవిడ మొహం చూడాలంటేనే అసహ్యం వేసేది.

కొన్ని వారాలకు ఆవిడే డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయింది. ఈసారి ఆవిడ రక్తంలో లెక్క హద్దు దాటింది, పద్ధతి ప్రకారమే స్లైడ్ వచ్చింది. కణాల్లో రక్త క్యాన్సర్‌కు గుర్తైన సన్నటి ఎర్ర పుల్లల్లాంటి గీతలున్నాయి. చూసిన మరో డాక్టరు నా పాత స్లైడ్ తెప్పించి పక్కన పెట్టాడు. రెండూ ఒకే మనిషివిలా ఉన్నాయన్నాడు. ఆ మాట రిపోర్టులో రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఏడాది పరీక్షలకు ఆవిడ అసలు రక్తమే ఇవ్వలేదు.

ఆ డాక్టరు అన్న మాట ఆవిడ చెవిన పడింది. వార్డుకు రమ్మని నాకు కబురు పెట్టింది. క్షమాపణ అడుగుతుందేమో అనుకుంటూ వెళ్లాను.

"నీకు ముందుగాల్నే ఎర్కున్నది. అది నాదని ఎందుకు చెప్పలే?" అంది.

నాకేమీ తెలియదు మేడం అన్నాను. ఒకటికి రెండుసార్లు అన్నాను. వినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత కొద్ది రోజులకే పోయింది.

ఆ స్లైడ్ మీదికి ఆవిడ రక్తం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నేనే దాచానని నమ్ముతూ ఆవిడ పోయింది.