నా వెంట నడిచిన డ్రిల్లు

ఆ రోజులు తలుచుకుంటే, నాకేమీ తెలియదన్న సంగతి ఎవరికీ తెలియకుండా చూసుకోవడమే నా అసలు ఉద్యోగం అనిపిస్తుంది, జీతం మాత్రం ఇంజనీరుదే ఇచ్చేవాళ్లు. గోదావరి జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేవాణ్ణి. మా కంపెనీ పని రోడ్డు తవ్వకుండా, దాని కింద నుంచి కేబుళ్ల కోసం గొట్టాలు వెయ్యడం. ఫోన్లో చెబితే మా అమ్మ "తవ్వకుండా కిందకెలా వెళ్తారురా, ఎలకల్లాగా?" అంది. (అంతకంటే బాగా నేను ఇవాళ్టికీ చెప్పలేను.)

ఎలకకీ మాకూ ఉన్న తేడా ఏమిటంటే, అది ఎటు పోతోందో దానికి తెలుసు. మా డ్రిల్లు తల ముక్కు ఏటవాలుగా కోసి ఉంటుంది. తిప్పుతూ తోస్తే తిన్నగా పోతుంది, తిప్పడం ఆపి తోస్తే ముక్కు వాలు ఎటుంటే అటు మళ్లుతుంది. వెనకాల ఇనుప గొట్టాలు ఒకదానికొకటి బిగించుకుంటూ పోతాం, అవి పొడుగు మీద నెమ్మదిగా వంగుతాయి కూడా. (ఇనుము వంగడమేమిటని నేనూ మొదటిరోజు నోరు తెరిచాను.) చేరిన వారంలోనే దీని చరిత్ర బట్టీ పట్టాను. మొదట్లో చమురు బావులు తవ్వేవాళ్లకి బోరు దానంతటది పక్కకి పోతుంటే తలనొప్పిగా ఉండేదట. తర్వాత ఎవరికో బుర్ర వెలిగి, కావాలనే లోపల ఒక ఏటవాలు ఇనుప దిమ్మ దించి బోరుని పక్కకి మళ్లించారు. ఆ తర్వాత బురద ఒత్తిడితో అడుగునే తిరిగే మోటార్లు వచ్చాయి, నదుల కింద నుంచి పైపులు వెళ్లాయి, చివరికి ఆ విద్య చిన్నదై మా పంజాగుట్ట రోడ్డు దాకా వచ్చింది. ఇదంతా గడగడా అప్పజెబితే మెషీను నడిపే ఉస్తాద్ శ్రద్ధగా విని, "మస్తు చెప్పినవ్ తమ్మీ, జర గా పానా అందుకో" అన్నాడు. సిరిసిల్లలో మగ్గం నేసిన ఇంటివాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద.

ఒక ఆదివారం పొద్దున మొదటిసారి లొకేటర్ నా చేతికిచ్చారు. డ్రిల్లు తలలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. లొకేటర్ పట్టుకుని రోడ్డు మీద నడుస్తూ దాని సిగ్నల్ విని, తల ఎంత లోతులో ఉందో, ముక్కు ఎటు తిరిగుందో ఉస్తాద్‌కి వాకీటాకీలో చెప్పాలి. ముక్కు దిశ లొకేటర్ తెర మీద గడియారం లెక్కన కనిపిస్తుంది, పన్నెండంటే పైకి, ఆరంటే కిందకి. దారిలో మీటరు లోతున నల్లా నీళ్ల పెద్ద పైపు అడ్డంగా ఉంది. మేం మూడు మీటర్ల లోతున దాని కింద నుంచి దూరిపోవాలి. అది పగిలితే చుట్టుపక్కల ఇళ్లకీ ఆసుపత్రులకీ నీళ్లుండవు. పైపు మీద సున్నం గీత గీసి, ఆ గీత మీదే నిలబడ్డాడు నీళ్ల శాఖ లైన్‌మన్. "సార్, గిది పగిలితే ముందుగాల నన్నే సస్పెండ్ చేస్తరు. జర చూసి" అని నాకు దండం పెట్టాడు.

సగం దూరం అంతా సవ్యంగానే నడిచింది. మధ్యలో ఉస్తాద్ కొత్త గొట్టం బిగిస్తుంటే నేను ఇరానీ హోటల్లో చాయ్ తాగి, అక్కడ పెట్టిన నా బ్యాగు వీపుకి తగిలించుకుని తిరిగొచ్చాను. లొకేటర్ చూస్తే లోతు మీటరు కంటే తక్కువ! ఎక్కడిదాకా పోయిందో చూద్దామని పది అడుగులు ముందుకేశాను, తల అక్కడుంది. ఇంకో పది వేశాను, అక్కడా ఉంది. నేను ఆగితే అదీ ఆగుతోంది. సున్నం గీత దాకా పరిగెత్తాను, గీత కిందా అదే! "ఉస్తాద్, పైకొచ్చేసింది! పైపు లోతుకి వచ్చేసింది! ఆరుకి తిప్పు, ఆరుకి!" అని అరిచాను. లైన్‌మన్ మొహం పాలిపోయింది. "సార్, నా పైపు మీద నిలబడి గట్ల మొత్తుకోకుర్రి" అన్నాడు. నీళ్లు ఎగజిమ్ముతాయేమోనని ఇద్దరం కాళ్ల కింద రోడ్డునే చూస్తున్నాం. నాకైతే ఊరికి తిరిగి వెళ్లే బస్సు కళ్లముందు కనిపించింది.

వాకీటాకీలో ఉస్తాద్ గొంతు నిదానంగా వచ్చింది. "ఫికర్ చెయ్యకు. నేను తల తిప్పుతున్న. నీ గడియారం తిరుగుతున్నదా?"

"లేదన్నా, తొమ్మిది దగ్గరే ఉంది."

"ఇప్పుడు?"

"తొమ్మిదే."

"తమ్మీ, జర ముందుకు వంగు" అన్నాడు.

"ఏంటి?"

"వంగుమంటున్న గద."

నడిరోడ్డు మీద, మెట్రో పిల్లర్ పక్కన, వంగాను. గడియారం తొమ్మిది నుంచి పన్నెండుకి తిరిగింది.

"నీ బ్యాగుల ఏమున్నది?"

బ్యాగులో స్పేర్ ట్రాన్స్‌మిటర్ ఉంది. పొద్దున్నే పనిచేస్తోందా లేదా అని బ్యాటరీ వేసి చూసి, తియ్యడం మర్చిపోయాను. చూడగానే బ్యాటరీ తీసెయ్యాలన్నది మా పనిలో నేర్పే మొదటి పాఠం. (చమురు బావుల చరిత్ర రెండో పాఠం.) లైన్‌మన్‌కి విషయం అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "అంటే సార్, ఇంతసేపు మిమ్మల్ని మీరే దేవులాడుకుంటున్నరా?" అన్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

బ్యాటరీ పీకేసి వెనక్కి వెళ్లి వెతికితే, అసలు తల చాయ్‌కి ముందు వదిలిన చోటే, మూడు మీటర్ల లోతులో బుద్ధిగా ఉంది. అంత అరిచినా అంగుళం కదల్లేదేమని అడిగితే ఉస్తాద్, "నువ్వు మొదటి కేక పెట్టంగనే తోసుడు ఆపిన. యాడున్నదో తెల్వకుంటే ఎవడన్న తోస్తడా?" అన్నాడు. మధ్యాహ్నానికి పైపు కింద నుంచి దాటి, పంజాగుట్ట వైపు, తల బయటికి రావడానికి తవ్వి ఉంచిన గుంతలో, గుర్తుకి జానెడు దూరంలో బురద ముక్కుతో అది బయటికొచ్చింది. నేను గుంత గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. కంట్లో బురద పడిందన్నాను, ఉస్తాద్ నమ్మినట్టే తలూపాడు.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకి పాఠాలు చెబుతున్నాను, చరిత్రతో సహా. పంజాగుట్ట మీదుగా మెట్రోలో వెళ్లినప్పుడల్లా కిందకి చూస్తాను. బ్యాగు తగిలించుకుని చెమటలు కక్కుతూ పరిగెత్తే ఒక బక్కపలచటి కుర్రాడు కనిపిస్తాడు. ఒరేయ్, ఆగరా, అవతల ఉస్తాద్ ఎప్పుడో ఆపేశాడు అని పైనుంచి కేకేయాలనిపిస్తుంది. వినేవాడు కాదు లెండి, ఇంకో పది అడుగులు వేసి చూసేవాడు.