కరెంటు పోతే మళ్లీ మొదటి అంతస్తు

మా తెలుగు సారు పోయిన కబురు నాకు మామ వీడియో గేమ్ దుకాణంలో తెలిసింది. పక్క కిరాణం అతను గడపలో నిలబడి, "మీ సారు పోయిండట, గుండెపోటు" అన్నాడు. నేను వెంటనే లేవలేదు. ఆటలో ఒక అంతస్తు చివర ఉన్నాను. తలుపు దాకా వెళ్లి, తాళం తీసి, అప్పుడు లేచాను. ఇది దాచి సారు గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

మెట్‌పల్లిలో ఆయన దగ్గర చదివినవాళ్లకు ఆయన చేయి బాగా తెలుసు. వీడియో గేమ్ దుకాణాల్లోంచి పిల్లలను చెవి పట్టి బజార్లోకి లాగిన చేయి అది. పదో తరగతిలో నా చెవి కోసం కూడా వచ్చారు. పట్టుకున్నారు కానీ చూపు తెర మీద పడింది. "గా చీకట్ల పోతున్నోడు ఎవడు?" అని అడిగారు. చెవి ఆయన చేతిలో ఉండగానే చెప్పాను. కత్తి పట్టిన వీరుడు. భూమి కింద కోటలో అంతస్తు తర్వాత అంతస్తు దిగుతాడు. అస్థిపంజరాలను కొడుతూ తాళంచెవులు వెతుకుతాడు. అట్టడుగున రాక్షసుడు, వాడి చెరలో రాజకుమారి. సారు చెవి వదిలారు. "జర నాకియ్యి" అన్నారు.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు, బజారు కునుకు తీసే వేళ, తువ్వాల తల మీదికి లాక్కుని వెనక సందులోంచి వచ్చేవారు. మామ ముందు షట్టర్ సగం దించేవాడు. నాకొక్కటే షరతు. "ఇంట్ల ఎరుక కావద్దు. బడిల అసలే వద్దు. పిల్లల చెవులు పట్టిన చెయ్యిరా ఇది." ఆయన చెప్పులతో పాటు ఆ సిగ్గును కూడా మేం లోపల దాచిపెట్టేవాళ్లం.

ఆయన బాగా ఆడేవారు కాదు. వీరుడు కుడికి తిరగాలంటే తనూ కుడికి ఒరిగేవారు. ఆడుతూనే నాకు మాటలిచ్చేవారు. "అండర్‌గ్రౌండ్ అనకు, నేలమాళిగ అను. నోట్ల పెట్టుకోని చూడు, చల్లగ లేదా?" నిజంగానే చల్లగా ఉండేది. ఆ రోజంతా నేలమాళిగ, నేలమాళిగ అనుకుంటూ తిరిగాను.

ఒకసారి ఆ ఆట గుణదోషాలు రాసుకురమ్మన్నారు. అవి కావ్యాలకు కదా సార్ రాసేది అంటే, మనిషి చేసిన దేనికైనా రాయొచ్చన్నారు. నేను పొగడ్తలే రాసుకెళ్లాను. చదివి పక్కన పెట్టారు. "గుణమొక్కటే చెప్తే భజన అయితది. దోషమొక్కటే చెప్తే చాడీ అయితది. రెండూ చెప్పు. ఎందుకో చెప్పు."

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. వీరుడి దీపం వెలుగు నాలుగడుగుల దాకే. అవతల ఏముందో తెలియకపోవడమే ఆ ఆటకు ప్రాణం. కత్తికి బరువుంది, ఒకసారి విసిరితే మళ్లీ ఎత్తే లోపు దెబ్బ తగలొచ్చు, కాబట్టి ఆలోచించి కొట్టాలి. ఒక అంతస్తులో నీటి చుక్క చప్పుడు, ఇంకో అంతస్తులో గొలుసు చప్పుడు. ఇవి గుణాలు. ఇక మూలకు నిలబడి ఒకే మీట నొక్కుతూ ఉంటే సగం శత్రువులు వాళ్లంతట వాళ్లే వచ్చి చస్తారు, అది దోషం. రాజకుమారికి ఒక్క మాట లేదు. "గామె గోడకు తగిలేసిన క్యాలెండరా?" అన్నారు సారు. అన్నిటికన్నా పెద్ద దోషం, ఆ ఆటకు జ్ఞాపకం లేదు. ఎంత లోతుకు దిగినా, కరెంటు పోతే మళ్లీ మొదటి అంతస్తే.

మా ఊరి కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. సారు అట్టడుగు తలుపు దాకా ఎన్నో ఆదివారాలు వెళ్లారు. రాక్షసుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు. ఫ్యాను ఆగగానే చేతిలోని వైరు రిమోట్ మెల్లగా కింద పెట్టి, "బతికిపోయిండు" అని తువ్వాల కప్పుకునేవారు. సోమవారం మాత్రం ఆ చేత్తోనే ఇంకో దుకాణంలో పిల్లల చెవులు పట్టేవారు. ఇదేం న్యాయం సార్ అని ఓసారి అడిగాను. "అది నా దోషం. రాసుకో" అన్నారు.

సారు పోయిన మూడో రోజు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు, కాకి ముట్టితే పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. మోదుగాకు విస్తరిలో అన్నం, పచ్చిపులుసు, ఆయనకిష్టమైన సర్వపిండి, గ్లాసులో చాయ. అందరం దూరం జరిగి నిలబడ్డాం. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టేదాకా ఇంట్లోవాళ్లు తినరు. సారు భార్య పొద్దటి నుంచి నీళ్లు కూడా తాగలేదు. సారుకేదో కోరిక మిగిలిందన్నారు. సారు తమ్ముడు నశ్యం డబ్బా పెట్టాడు. ఎవరో కళ్లజోడు పెట్టారు. ఒక పెద్దాయన, సారుకు పుస్తకమే పాణమని, పుస్తకం తెమ్మని మనిషిని పంపాడు. పుస్తకం వచ్చింది. కాకి రాలేదు.

నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. సారుకు మాటిచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను, కానీ నన్ను ఆపింది ఆ మాట కాదు. ఇంతమంది పెద్దల మధ్య, చితి చల్లారిన చోట, వీడియో గేమ్ అనడానికి నాకే నామోషీ అయింది. గుణాలన్నీ విస్తరిలో పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

సారు భార్య నా వైపు తిరిగింది. "బిడ్డా, గా ఆడెటిది మీ మామ దగ్గర్నే ఉన్నదా?"

నేను తల వంచుకున్నాను.

"ఆదివారం ఆదివారం ఏడికి పోతుండెనో నాకెరుక లేదా? బొటనేలుకు కాయ కాసింది. నేనే నూనె రాసిన. అడిగితే సిగ్గుపడుతడని అడగలే." ఆమె గొంతు పెంచలేదు. "సైకిల్ తీస్కోని పో."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని భయపడిన నాకు తలెత్తబుద్ధి కాలేదు. వెళ్లి రిమోట్ తెచ్చి, విస్తరి పక్కన ఇసుకలో పెట్టి, వెనక్కి జరిగాను.

కాసేపటికి ఒక కాకి దిగింది. అన్నం దగ్గరికి పోకుండా వైరు కొసను ముక్కున పట్టి ఒకసారి లాగింది. రిమోట్ కొంచెం కదిలింది. ఆ తర్వాతే సర్వపిండి తుంచుకుని ఎగిరింది. దేనికీ తగిలించని వైరు ఇసుకలో వాగు వైపు చాచుకుని ఉంది. సారు బొటనవేలు అరగదీసిన మీట ఎండకు మెరుస్తోంది.