ఏ చేప ఎవరిది

స్పందన పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల సంగతికి తరువాత వస్తాను, ముందు హేమలతక్క ఎవరో చెప్పాలి.

అక్కది బెంగళూరు పక్కన ఆనేకల్. మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంటికే కోడలుగా వెళ్లింది. మగ్గం మూలపడ్డాక, యాభై దాటిన వయసులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక డేకేర్‌లో ఆయాగా చేరింది. నేను అక్కడే వంటమనిషిని. పేరు సుంకమ్మ, మాది కర్నూలు వైపు. నా కూతురు పనికి పోతుంది కాబట్టి మనవరాలు శిరీషను కూడా అక్కడే ఉంచుకోనిచ్చారు. అక్క పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేది. సాయంత్రం దాకా ముప్పై మంది పిల్లలకు ముడ్లు కడగడం, డయపర్లు మార్చడం. మూడేళ్లలో ఒక్కసారైనా విసుక్కుంటుందేమోనని చూశాను. ఊహూఁ! నోట్లో నాలుక లేని మనిషి.

పోయిన మార్చిలో స్పందన ఫోను పట్టుకుని, వంటింటి గడప దగ్గర కూర్చున్న అక్క దగ్గరికి వచ్చింది. పిల్లల టీచరు, పాతికేళ్లుంటాయేమో. తనదీ బెంగళూరు తెలుగిల్లే, అందుకని అక్కను పెద్దమ్మా అనేది. జపాన్‌లో వసంతం వస్తే చెట్ల నిండా గులాబీ పూలట, పిల్లల కోసం గాలికి చేపల జెండాలు ఎగరేస్తారట. ఆ పూలూ ఆ చేపలూ మన పిల్లలతో కాగితాలతో చేయించి, తల్లిదండ్రులను పిలిచి చూపించాలని డేకేరు నడిపే రాఘవేంద్ర సారు హుకుం. అప్పటికే రెండు రోజులు ప్రయత్నించింది పాపం. మిగిలింది గోడల నిండా బంకా, పిల్లల ఏడుపూ.

"మా ఇంట్లో మూడేళ్ల బిడ్డకూ పనుండేది. ఒకరు దారం పట్టుకుంటే ఒకరు కండె చుట్టేది," అంది అక్క. "వీళ్లనీ వరసగా కూర్చోబెట్టు. ఒకడు మడిచేది, ఒకతి మెలిపెట్టేది, ఇంకొకడు పొలుసు అంటించేది. ఎవరికి వచ్చిన పని వాళ్లు."

"అయ్యో పెద్దమ్మా, సూపర్! ఇట్లే చేద్దాం. ఇది హిట్ అయిందంటే సార్‌తో మాట్లాడి నిన్ను క్రాఫ్ట్ రూమ్‌కి వేయిస్తా. డయపర్ల పని ఇంక వద్దు నీకు."

నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను. ప్రతి మాటా విన్నాను.

ఆ రోజునుంచి అక్క నడకే మారిపోయింది. క్రాఫ్ట్ రూమ్‌లో పెట్టుకోవడానికి ఇంటినుంచి కత్తెర కూడా తెచ్చింది. పిల్లలు చాప మీద బారుగా కూర్చునేవారు. రోడ్డు పక్కన ఏరుకొచ్చిన ఎండు కొమ్మలకు టిష్యూ కాగితం పూలు విచ్చుకున్నాయి. చేపలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతూ పోతూ తోకలు తెచ్చుకున్నాయి. మా శిరీషది కళ్లు అంటించే పని. అది ఏ చేపకైనా ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ పెట్టేది. "దిష్టి తగలదులే," అని నవ్వేది అక్క.

శనివారం తల్లిదండ్రులు వచ్చారు. హాలు చూసి నోళ్లు తెరిచారు. "కాన్సెప్ట్ మొత్తం నాదే," అని స్పందన అందరికీ చెప్పుకుంటోంది. అక్క పక్కనే ఉండి కూడా నవ్వుతూనే ఉంది. సరే, అంతవరకు పోనీ అనుకున్నాను.

అప్పుడొక తల్లి ఫోను ఎత్తి పట్టుకుని అడిగింది. "మా బాబు చేసింది ఏది? వాడిని పక్కన నిలబెట్టి ఫొటో తీయాలి."

అక్క గర్వంగా చెప్పింది. "అన్నీ అందరివీనమ్మా. ఒక్కో చేపలో పదిమంది చెయ్యి ఉండాది."

మగ్గాల ఇంట్లో అది గొప్ప మాట. ఇక్కడ కొంపలంటుకున్నాయి. "అంటే మావాడు సొంతంగా ఏదీ చేయలేదా?" అని ఒకాయన. "మా పాప పేరే లేదేంటి?" అని ఇంకొకావిడ. రాఘవేంద్ర సారు మొహం మాడిపోయింది. స్పందన వైపు తిరిగాడు.

"నేను చెప్పాను సార్, ఎవరిది వాళ్లతోనే చేయించమని. ఆయమ్మ వింటేనా!"

ఆయమ్మట! పొద్దుటిదాకా పెద్దమ్మ.

అక్క స్పందన దగ్గరికి జరిగింది. "అదేంది తల్లీ, ఇట్లే చేద్దామని నువ్వే అంటివి కదా? వంటింటి గడప కాడ. సుంకమ్మ కూడా ఉండె."

అందరూ నావైపు తిరిగారు. సారు అడిగాడు, "ఏం సుంకమ్మా, విన్నావా?"

స్పందన నన్ను చూడలేదు. చాప మీద కూర్చున్న మా శిరీషను చూసింది. నా పనితో పాటు దాని చోటూ పోతుందని అర్థమైంది.

"నేను పొయ్యి కాడుంటా సార్. నాకేం వినపడలా."

సోమవారం నుంచి రావద్దన్నారు అక్కను. టిఫిన్ క్యారియరు తీసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల నిలువునా ముంచిందని ఎవరితోనైనా గంటలకొద్దీ తిట్టగలను. మరి నేను చేసిందేమిటి? మూడేళ్లు నా చేతి అన్నం తిని, నా మనవరాలికి స్నానం చేయించిన మనిషిని నడిమధ్యలో వదిలేశాను. స్పందనకు ఆమె ఏమీ కాకపోవచ్చు. నాకు అక్క.

ఉండలేక బస్టాపుకు పరుగెత్తాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నన్ను చూసి జరిగి కూర్చోమంది.

"ఏడవద్దప్పా. ఆ పొద్దు మిక్సీ తిరగతా ఉండె కదా, నీకెట్ల వినపడుతుంది? వినుంటే నువ్వు చెప్పకుండా ఉంటావా?"

ఆ రోజు కరెంటే లేదు. ఆ సంగతి అక్కకూ తెలుసు.

"అవునక్కా," అన్నాను.