గళ్ల కాగితం మీద కీర్తనలు

ధర్మవరంలో మా వెనక సందులో చీరలకు డిజైన్లు గీసే ఒకాయన ఉండేవాడు. గళ్ల కాగితం మీద ఎర్ర చుక్కలతో ఆయన పక్షినో మామిడిపిందెనో గీస్తే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే చీరలో బొమ్మ పడేది. ఇప్పుడా పని చాలావరకు కంప్యూటర్ల చేతికి పోయింది. గళ్ల కాగితాలు మాత్రం ఆయన దగ్గర మిగిలిపోయాయి.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి నేరుగా, తెల్లచొక్కాతో, చంకలో కాగితం చుట్టతో మా ఇంటికొచ్చాడు. నేను పత్రికలో పని మానేసి చాలా కాలమైనా, ఊళ్లో వార్త అనుకున్నదల్లా మా గడపకే వస్తుంది.

"ఏమప్పా, దీన్ని పేపర్లో వేపియ్యాల," అంటూ చుట్ట విప్పి నేల మీద పరిచాడు.

బైబిల్లోని కీర్తనలను మొదటి నుంచి, గడికో అక్షరం చొప్పున, మాటకూ మాటకూ మధ్య జాగా వదలకుండా రాసుకుంటూ వచ్చాడు. దేవుడి పేరు మొదలైన గడికల్లా ఎర్రరంగు పూశాడు. దూరంగా నిలబడి చూడమన్నాడు. చూశాను. ఎర్ర గళ్లు ఏటవాలుగా దిగి పక్షి ఒంటిలాగే కనబడుతున్నాయి. తల ఇంకా పడలేదు.

ఫోన్లో ఏదో వీడియో చూశాడట. బైబిలు మూలభాషలో ఇన్ని అక్షరాలకొకటి ఏరుకుంటూ పోతే లోపల దాగిన మాటలు బయటపడతాయని అందులో ఎవరో చెప్పారట. బైబిల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఏడు, పన్నెండు, నలభై అంకెల సంగతులు ఆయన చిన్నప్పటి నుంచీ ప్రసంగాల్లో విన్నవే. ఇది అంతకంటే లోతైనదని ఆయన నమ్మకం.

"మనది తర్జుమా గదా. ఆ మాటలు ఎవరో కూర్చుని ఏరుకున్నవి," అన్నాను.

"ఏరేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకొని రాయించింది ఎవరప్పా?"

అడ్డానికి ఇన్ని గళ్లే ఎందుకు పెట్టుకున్నావని అడిగాను.

"ముందు అంచుకు పెట్టే కొలత పెట్టినా. రాలా. పెంచి చూసినా, తగ్గించి చూసినా. ఇట్ల కుదిరింది. వెడల్పు కుదిరేదాంక మార్చాల గదా, యా డిజైనుకైనా అంతే."

దాచకుండా చెప్పాడు. అందులో దాచాల్సిందేదో ఉందని ఆయనకు తోచలేదు. బతుకంతా బొమ్మ కుదిరేదాకా గళ్లు సర్దిన మనిషికి, కుదరడమే సాక్ష్యం.

పేపర్లో వేయరని చెప్పాను. నొచ్చుకోలేదు. "తల పడినంక వాళ్లే అడుగుతారులే," అని చుట్టుకుని పోయాడు.

ఆ తలతో ఇంకేం ముడిపడి ఉందో మరుసటి రోజు వాళ్లింటికి పోయినప్పుడు తెలిసింది. ఆయన భార్య మగ్గానికి నూలు కండెలు చుడుతూ కొంగు మెడ చుట్టూ కప్పుకుని కూర్చుంది. గొంతు దగ్గర గడ్డ. ఆమె పుట్టిల్లు హిందూపురం. అక్కడి డాక్టరు సూదితో పరీక్ష చేసి, ఆలస్యం చేయకుండా తీసెయ్యాలన్నాడు. ఈయన మాత్రం పక్షి పూర్తికావాలన్నాడు. ముక్కు కొస ఏ వచనంలో పడితే ఆ వచనం అంకె ఆపరేషన్‌కు రోజు చెబుతుందని, అంతవరకూ కత్తి తగలకూడదని పట్టు.

"పక్షికి తల వచ్చేలోపల నా తల పోతాదన్నా," అందామె, చేతిలో పని ఆపకుండా.

"ఊరికే అంటాది," అన్నాడాయన. చివరికి పెనుకొండలో ఉన్న పాస్టరును అడుగుదామన్నాడు. బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. తోడు రమ్మని ఆమె అడిగితే నేనూ ప్యాసింజరు ఎక్కాను.

పెనుకొండ స్టేషన్లో ఆయన చుట్ట తీసుకుని లేచాడు. ఆమె లేవలేదు.

"దిగు మే."

"నువ్వు దిగి అడుగు. నేను హిందూపురం పోతాండా."

"అయ్యగారు ఏమంటాడో తెలుసుకోకుండానా?"

"ప్రార్థన చేస్తానంటాడు. నేను ఆడ పండుకోనుండంగ గూడా చెయ్యొచ్చు."

"రోజు తెలీకుండా ఎట్ల పోతావు? దేవుడు నాకింకా చెప్పలే."

"నీకు చెప్పినాంకనే చెయ్యల్లంటే ఆయన దేవుడెట్లయితాడు?"

ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడిపోయాడు. వేరుశనగ బుడ్డల గంపతో ఎక్కబోతున్న ఒకావిడ, "దిగేదుంటే దిగప్పా, ఎక్కేదుంటే ఎక్కు. దావ యిడువు," అంది. బండి కదిలింది. ఆయన లోపలికొచ్చేశాడు. హిందూపురంలో దిగి ముగ్గురం నేరుగా ఆ డాక్టరు దగ్గరికి పోయాం.

పంచాంగం చూసుకునేవాళ్లతో అలవాటుపడిన డాక్టరు, తనే, "మంచిరోజేమైనా చూసుకోవాలా?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు ఆమె, "వద్దు సార్, మీకు యా రోజు వీలయితే ఆ రోజు," అంది. ఆయన నేల చూశాడు గాని, కాదనలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నేను పోయేసరికి ఆమె మంచం మీద పడుకుని ఉంది. ఏదైనా కీర్తన చదవమంది.

"లెక్కబెట్టొద్దు. ఉత్తగా చదువు."

ఆయన బైబిలు తెరిచి మొదలుపెట్టాడు. తడబడ్డాడు. నెలల తరబడి వాటిని జాగా లేని గళ్లుగా చూసిన మనిషి, ఒక మాట ఎక్కడ ఆపాలో ఎక్కడ ఎత్తుకోవాలో తేల్చుకోలేకపోయాడు. రెండు వచనాలు దాటాక గొంతు దారిలో పడింది. ఆమె కళ్లు మూసుకుంది. చక్రాల మంచం తెచ్చినవాళ్లు ఆమెను దానిమీదికి మార్చారు. ఆయన చదువుతూనే పక్కన నడిచాడు. తలుపు మూసుకున్నాక వచనంలో ఇంకా కొంత మిగిలింది. అక్కడే నిలబడి పూర్తి చేశాడు.

గడ్డ చెడ్డదేనని, అయినా సమయానికే తీశామని తర్వాత చెప్పారు. ఆమె గొంతు బొంగురుపోయింది. రోజూ మాత్ర మింగుతుంది, కండెలు చుడుతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదని ఆయన డాక్టరును అడగలేదు. నేనూ అడగలేదు.